పేర్ల జాబితాను కాపాడిన మనిషి: జాన్ పోస్టెల్

సైన్యంలో పనిచేసే నాన్నగారికో, మామయ్యకో ఉత్తరం రాసినవాళ్లు మనలో కొందరైనా ఉంటారు. ఆ కవరు మీద ఊరి పేరు ఉండదు. మనిషి పేరు, యూనిట్ పేరు, చివర 56 ఏ.పి.ఓ. అనో 99 ఏ.పి.ఓ. అనో రాస్తాం. యూనిట్ రాజస్థాన్ ఎడారిలో ఉన్నా, అక్కడి నుంచి లడఖ్‌కు వెళ్లినా మనం రాసే చిరునామా మారదు. ఉత్తరం ముందుగా సైనిక తపాలా కార్యాలయానికి చేరుతుంది. ఏ యూనిట్ ఇప్పుడు ఎక్కడ ఉందో తెలిపే జాబితా అక్కడివాళ్ల దగ్గర ఉంటుంది. ఆ జాబితాను ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు సరిచూస్తూ ఉండబట్టే మన ఉత్తరం చేరవలసిన చేతికి చేరుతోంది.

ఇంటర్నెట్ కూడా ఇలాంటి జాబితాల మీదే నడుస్తుంది. మనం తెర మీద ఒక పేరు టైపు చేస్తాం. ఆ పేరు గల కంప్యూటర్ ఏ దేశంలో, ఏ గదిలో ఉందో మనకు తెలియదు. నిన్న ఒకచోట ఉన్నది ఇవాళ మరోచోటికి మారి ఉండవచ్చు. అయినా ఒక్క క్షణంలో అది దొరుకుతుంది. పేరుకూ చోటుకూ ముడివేసే జాబితాలు ఎక్కడో సరిగ్గా ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యమవుతోంది. ఇంటర్నెట్ పుట్టిన రోజుల నుంచి దాదాపు 30 ఏళ్లపాటు ఆ జాబితాల బాధ్యతను మోసి, వాటిని పెంచే పనిలో ఎందరినో కలిపి నడిపిన శాస్త్రవేత్త జాన్ పోస్టెల్.

ఈ వ్యాసం రాస్తున్న మేమంతా అమ్మానాన్నల బదిలీలతో ఊళ్లు మారుతూ వచ్చినవాళ్లమే. చోటు మారినా పేరు నిలవాలంటే ఏం కావాలో మాకు కొంత తెలుసు. అందుకే ఆయన జీవితం మమ్మల్ని ఆకట్టుకుంది.

బాల్యం, చదువు

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, అల్టడీనా పట్టణంలో జన్మించారు. అందరూ ఆయన్ని జాన్ అనే పిలిచేవారు. లాస్ ఏంజెలస్ ప్రాంతంలోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తరువాతి కాలంలో ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరు తెచ్చుకున్న వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడి విద్యార్థులే. ఒకే బడి నుంచి ముగ్గురు వచ్చి, ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే పని మీద కలవడం విశేషం.

ఆ విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. పోస్టెల్ అక్కడ 1966లో ఇంజనీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్ డిగ్రీ, 1974లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పొందారు. ఆయన పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాలలో ఒక పెద్ద పని మొదలైంది. దూరదూరాన ఉన్న కంప్యూటర్లను తీగలతో కలిపి, ఒకదానితో ఒకటి మాట్లాడించడం ఆ పని. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఒక పరిశోధన సంస్థ డబ్బు ఇచ్చింది. ఆ వలయానికి ఆర్పానెట్ అని పేరు పెట్టారు. నేటి ఇంటర్నెట్‌కు తల్లివేరు అదే.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం వెళ్లింది. రెండు అక్షరాలు చేరగానే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. దాన్ని సరిచేసుకుని మళ్లీ ప్రయత్నించారు. ఆ ఏడాది చివరికి వలయంలో ఉన్నవి నాలుగే నాలుగు కంప్యూటర్ కేంద్రాలు. నాలుగింటికి జాబితా అవసరమా అని మనకు అనిపించవచ్చు. పోస్టెల్ మాత్రం అప్పటి నుంచే రాసి పెట్టడం మొదలుపెట్టారు.

రాసి పెట్టే అలవాటు

ఆ బృందంలో ఎక్కువమంది విద్యార్థులే. ఎలా పనిచేయాలో చెప్పేందుకు పెద్ద అధికారులు ఎవరూ లేరు. తమకు తోచిన పద్ధతులను కాగితాల మీద రాసి ఒకరికొకరు పంపుకునేవారు. 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ అలాంటి మొదటి పత్రం రాశారు. ఇవి ఆజ్ఞల్లా కనిపించకూడదని, ఎవరైనా తప్పు చూపవచ్చని తెలియజేయడానికి ఆ పత్రాలకు వ్యాఖ్యల కోసం వినతి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. క్లుప్తంగా ఆర్.ఎఫ్.సి. అంటారు.

ఈ పత్రాలకు వరుస సంఖ్యలు ఇవ్వడం, వచ్చిన రాతప్రతిని చదివి సరిదిద్దడం, అందరికీ అందేలా చూడడం పోస్టెల్ పని అయింది. ఆయన ఆ పనిని 1998లో కన్నుమూసే వరకు వదలలేదు. 200కు పైగా పత్రాలను తానే రాశారు లేదా ఇతరులతో కలిసి రాశారు. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ఎలా ప్రయాణించాలో చెప్పే 1981 నాటి ముఖ్య పత్రాలకు సంపాదకులు ఆయనే. ఈమెయిల్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఎలా వెళ్లాలో చెప్పే 1982 నాటి పత్రాన్ని రాసిందీ ఆయనే.

ఆ పత్రాల్లో ఆయన చెప్పిన ఒక సూత్రం చాలా ప్రసిద్ధం. మనం ఇతరులకు పంపేటప్పుడు నియమాలను కచ్చితంగా పాటించాలి, ఇతరుల నుంచి వచ్చింది కొంచెం అటూఇటూ ఉన్నా అర్థం చేసుకునేందుకు ప్రయత్నించాలి అన్నది దాని భావం. ఆయన దాన్ని కంప్యూటర్ల కోసమే చెప్పారు. రకరకాల కంపెనీలు తయారుచేసిన యంత్రాలు గొడవ పడకుండా కలిసి పనిచేయడానికి అది ఎంతో ఉపకరించింది.

నంబర్లు పంచే పని

ఒకే కంప్యూటర్ చాలా పనులు చేస్తుంది. ఈమెయిల్ తీసుకుంటుంది, ఫైళ్లు పంపుతుంది, సమయం చెబుతుంది. వచ్చిన సందేశం ఏ పని కోసం వచ్చిందో దానికి ఎలా తెలియాలి? ఒక పెద్ద కార్యాలయంలో జీతాలకు ఒక కౌంటర్, సెలవులకు ఒక కౌంటర్ ఉన్నట్లు, ఒక్కో పనికి ఒక్కో నంబరు ఉండాలి. ఆ నంబర్లు అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే కావాలి. ఒకరు 25 అంటే ఈమెయిల్ అనుకుని, మరొకరు 25 అంటే ఫైళ్లు అనుకుంటే ఏదీ పనిచేయదు.

1972 మే నెలలో పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశారు. ఈ నంబర్లను ఎవరో ఒకరు కూర్చుని పంచాలని, ఒక్కరి దగ్గరే లెక్క ఉండాలని అందులో సూచించారు. ఆ ఒక్కరు తానే అయితే ఎలా ఉంటుందని ప్రశ్న గుర్తు పెట్టి మరీ అడిగారు. ఎవరూ కాదనలేదు. అప్పటి నుంచి ఎవరు కొత్త పద్ధతి కనిపెట్టినా పోస్టెల్‌కు రాసి ఒక నంబరు తీసుకునేవారు. ఇప్పటికీ ఈమెయిల్ పంపే పద్ధతికి 25, పేర్లు వెతికే పద్ధతికి 53, వెబ్ పేజీలకు 80 అనే నంబర్లు నడుస్తున్నాయి. వాటి వెనక ఆయన పట్టిక ఉంది.

చదువు ముగించాక కొన్నేళ్లు వేరే సంస్థల్లో పనిచేసి, 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార శాస్త్రాల సంస్థలో చేరారు. అది సముద్ర తీరాన మరీనా డెల్ రే అనే చోట ఉంది. జీవితాంతం అక్కడే పనిచేశారు. జాయిస్ రెనాల్డ్స్ అనే సహచరి ఈ నంబర్ల పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచారు. కేటాయించిన నంబర్ల పట్టికను ఇద్దరూ కలిసి పదేపదే సవరించి ప్రకటించేవారు. చూడడానికి ఇది గుమాస్తా పనిలా ఉంటుంది. ఒక్క నంబరు పొరపాటున ఇద్దరికి ఇస్తే మాత్రం ప్రపంచమంతటా చిక్కులు వస్తాయి.

ఒకే ఫైలులో అందరి పేర్లు

వలయంలో ప్రతి కంప్యూటర్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. అదే దాని అసలు చిరునామా. మనుషులకు పొడవైన సంఖ్యలు గుర్తుండవు కాబట్టి ప్రతి కంప్యూటర్‌కూ ఒక పేరు కూడా పెట్టుకున్నారు. ఏ పేరుకు ఏ సంఖ్య అన్నది ఒకే ఫైలులో రాసేవారు. ఆ ఫైలు స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది. దాన్ని చూసుకున్న బృందానికి నాయకురాలు ఎలిజబెత్ ఫైన్లర్ అనే మహిళ.

ఫైన్లర్ బృందం ఇంకా చాలా పనులు చేసింది. టెలిఫోన్ డైరెక్టరీ లాంటి పుస్తకం అచ్చువేసి, ఆర్పానెట్ వాడే మనుషుల పేర్లు, వివరాలు అందులో ఇచ్చేది. ఏ కేంద్రంలో ఏ సౌకర్యం ఉందో తెలిపే మరో పుస్తకం ఉండేది. 1982లో ఆ బృందమే హూయిజ్ అనే సేవను పత్రరూపంలో ప్రకటించింది. ఒక పేరు పంపి ఇది ఎవరిది అని అడిగితే వివరాలు తిరిగి వచ్చేవి. ఇంటర్నెట్‌లో డైరెక్టరీ సేవలు అంటే ఇవే. మనిషిని, యంత్రాన్ని, సౌకర్యాన్ని పేరుతో వెతికి పట్టుకునే ఏర్పాట్లు.

ఒకే ఫైలు పద్ధతి కొన్నాళ్లు బాగానే నడిచింది. కొత్త కంప్యూటర్ పెట్టినవారు ఫైన్లర్ బృందానికి తెలియజేసేవారు. వాళ్లు ఫైలులో ఒక వరుస చేర్చేవారు. మిగతా అందరూ ఆ ఫైలును ఎప్పటికప్పుడు తమ కంప్యూటర్లలోకి తెచ్చుకునేవారు. 1981 ఆగస్టులో జాబితాలో 213 కంప్యూటర్లు ఉన్నాయి. 1983 ఆగస్టుకు 562 అయ్యాయి. 1984 అక్టోబరుకు 1,024 అయ్యాయి. ఫైలు పెద్దదైంది, మార్పులు రోజూ వస్తున్నాయి, అందరూ ఒకేచోటి నుంచి దాన్ని తెచ్చుకోవాలి. ఒకరి దగ్గర నిన్నటి ఫైలు, మరొకరి దగ్గర పోయిన వారం ఫైలు ఉండేవి. ఇద్దరు ఒకే పేరు కోరుకుంటే తగువు వచ్చేది.

మన విద్యాలయాల విషయమే ఊహించి చూడండి. దేశంలోని కేంద్రీయ విద్యాలయాల విద్యార్థులందరి పేర్లూ ఢిల్లీలో ఒకే రిజిస్టరులో రాస్తూ, ఎవరికి బదిలీ అయినా అక్కడికే కబురు పంపాలంటే ఏమవుతుంది? పేర్లు ఎక్కించేలోపే సగం మంది మరో ఊరికి వెళ్లిపోతారు.

పేర్ల చెట్టు

ఈ చిక్కును తీర్చడానికి చాలామంది ఆలోచించారు. ఐదు రకాల ప్రతిపాదనలు పోస్టెల్ దగ్గరకు వచ్చాయి. ఆయన వాటిని తన సంస్థలోనే పనిచేస్తున్న పాల్ మొకాపెట్రిస్ అనే యువ శాస్త్రవేత్తకు ఇచ్చి, వాటి మధ్య రాజీ కుదర్చమన్నారు. మొకాపెట్రిస్ అన్నీ చదివి, వాటన్నిటినీ పక్కన పెట్టి, సొంతంగా ఒక కొత్త పద్ధతి తయారుచేశారు. పోస్టెల్ ఇచ్చిన పని అది కాదు. అయినా అందులో సారం ఉందని గుర్తించి ఆయన దాన్ని స్వీకరించారు. 1983లో ఇద్దరూ కలిసి దాన్ని పరీక్షించారు. అదే ఏడాది నవంబరులో మొకాపెట్రిస్ పత్రాలు వెలువడ్డాయి. అదే డొమైన్ నేమ్ సిస్టమ్. మనం క్లుప్తంగా డి.ఎన్.ఎస్. అంటాం.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన పిన్ కోడ్ చూద్దాం. ఉత్తరం మీద మొదటి అంకె 5 ఉంటే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు వెళ్తుంది. సైనిక తపాలాకైతే 9. దూరాన ఉన్న ఉద్యోగికి మన వీధి తెలియనక్కర్లేదు. మొదటి అంకెలు చూసి సరైన వైపు పంపితే చాలు. చివరి మూడంకెలు చూసి ఏ తపాలా కార్యాలయమో తేల్చేవారు తరువాత ఉంటారు. వీధి, ఇల్లు ఆ ఊరి పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు.

డి.ఎన్.ఎస్. కూడా అంతే. కాకపోతే పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. మన సంగఠన్ వెబ్‌సైటు పేరు తీసుకుందాం. కెవిసంగఠన్ డాట్ ఎన్.ఐ.సి. డాట్ ఇన్. మన కంప్యూటర్ తరఫున వెతికే యంత్రం ముందుగా రూట్ సర్వర్‌ను అడుగుతుంది. దానికి మన వెబ్‌సైటు గురించి ఏమీ తెలియదు. ఇన్ అనే కొమ్మ ఎవరి చేతిలో ఉందో మాత్రం చెబుతుంది. ఇన్ కొమ్మను చూసేవారు ఎన్.ఐ.సి. రెమ్మ ఎక్కడుందో చెబుతారు. ఎన్.ఐ.సి. వారు కెవిసంగఠన్ అనే పేరుగల కంప్యూటర్ సంఖ్య చెబుతారు. ఒకసారి తెలుసుకున్న జవాబును కొంతసేపు గుర్తు పెట్టుకుంటారు కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచి అడగవలసిన పని లేదు.

ఇందులో గొప్పదనం ఏమిటంటే, ఎవరి జాబితా వారి దగ్గరే ఉంటుంది. ఒక కంప్యూటర్‌ను వేరే చోటికి మారిస్తే దాని యజమాని తన జాబితాలో ఒక్క వరుస మార్చుకుంటే చాలు. తరగతి హాజరు పట్టీ తరగతి ఉపాధ్యాయుల దగ్గర, ప్రవేశాల రిజిస్టరు విద్యాలయం కార్యాలయంలో ఉన్నట్లే ఇదీ. పైవారికి కింది వివరాలన్నీ తెలియనక్కర్లేదు. కింద ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

పద్ధతిని కనిపెట్టింది మొకాపెట్రిస్. దాన్ని అందరి చేతా వాడించే పని పోస్టెల్ చేశారు. మారడానికి గడువులు రాశారు. ఎవరు ఏ పేరు కోరవచ్చో, పేరు తీసుకున్నవారి బాధ్యత ఏమిటో జాయిస్ రెనాల్డ్స్‌తో కలిసి 1984 అక్టోబరులో ప్రకటించారు. వ్యాపార సంస్థలకు కామ్, విద్యాసంస్థలకు ఈడీయూ, ఇతర సంస్థలకు ఆర్గ్ వంటి కొమ్మలు అప్పుడే ఏర్పడ్డాయి. 1985 మార్చి 15న మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదైంది. అమెరికాకు చెందిన డాట్ యు.ఎస్. కొమ్మను ఆయన తన సంస్థ నుంచే చూసుకున్నారు. అందులో పేర్లు మన తపాలా చిరునామాల్లాగే ముందు ఊరు, తరువాత రాష్ట్రం, చివర దేశం అనే వరుసలో ఉండేవి.

1992 జనవరి నాటికి ఇంటర్నెట్‌లో దాదాపు 7 లక్షల 27 వేల కంప్యూటర్లు చేరాయి. పాత ఒకే ఫైలు పద్ధతి అయితే ఆ బరువుకు ఎప్పుడో కూలిపోయేది. పేర్ల చెట్టు మాత్రం కొత్త కొమ్మలు వేసుకుంటూ నిలబడింది.

ఏది దేశం, ఏది కాదు?

ప్రతి దేశానికీ రెండక్షరాల కొమ్మ ఇవ్వాలని నిర్ణయించినప్పుడు పోస్టెల్ ముందు ఒక కష్టమైన ప్రశ్న వచ్చింది. ప్రపంచంలో కొన్ని ప్రాంతాలను కొందరు దేశమంటారు, మరికొందరు కాదంటారు. ఒక ఇంజనీరు తన గదిలో కూర్చుని దీన్ని తేల్చడం సాధ్యమా? తేల్చినా ఎవరు ఒప్పుకుంటారు?

ఆయన ఆ నిర్ణయాన్ని తన చేతిలోకి తీసుకోలేదు. దేశాలకూ ప్రాంతాలకూ రెండక్షరాల గుర్తులు ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణ పట్టిక అప్పటికే ఒకటి ఉంది. అందులో ఉన్న గుర్తుకు కొమ్మ ఇస్తాం, లేనిదానికి ఇవ్వం అన్నారు. ఏది దేశమో తేల్చే పని తమది కాదని 1994 మార్చిలో ప్రకటించిన పత్రంలో స్పష్టంగా రాశారు. దేశం కొమ్మను చూసుకునేవారు దాన్ని సొంత ఆస్తి అనుకోకూడదని, ఆ దేశ ప్రజలకూ ప్రపంచ ఇంటర్నెట్ సమాజానికీ ధర్మకర్తల్లా ఉండాలని, అడిగిన అందరినీ సమానంగా చూడాలని కూడా అందులో చెప్పారు. ఆ పత్రం ఈనాటికీ ప్రామాణికమే.

మన దేశానికి డాట్ ఇన్ 1989 మేలో దక్కింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అంటే అంతకు ఆరేళ్ల ముందే ప్రపంచ జాబితాలో మన పేరు ఉంది. అప్పట్లో ఆ కొమ్మను ముంబైలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం చూసుకుంది. మరుసటి ఏడు శ్రీలంకకు డాట్ ఎల్.కె., తరువాత 1992లో పాకిస్తాన్‌కు డాట్ పి.కె., 1995లో నేపాల్‌కు డాట్ ఎన్.పి. వచ్చాయి. పెద్ద దేశమైనా చిన్న దేశమైనా ఒక్కో కొమ్మే. అందరికీ ఒకే నియమం.

డబ్బు, అధికారం, ఒక జనవరి రోజు

1980ల చివరికి పోస్టెల్ చేసే పనికి ఐ.ఏ.ఎన్.ఏ. అనే పేరు స్థిరపడింది. ఇంటర్నెట్ సంఖ్యలను కేటాయించే అధికార సంస్థ అని అర్థం. పేరు పెద్దదే గానీ, సంస్థ అంటే పోస్టెల్, ఆయన సహచరులు కొందరు మాత్రమే. దానికి చట్టం లేదు, పెద్ద భవనం లేదు. ఆయన పక్షపాతం చూపరన్న నమ్మకమే దాని బలం.

1990లలో ఇంటర్నెట్ వ్యాపారంలోకి వచ్చింది. 1993లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఈ సేవలను మూడుగా విడదీసి మూడు కంపెనీలకు అప్పగించింది. డైరెక్టరీ సేవలు ఏ.టి. అండ్ టి.కి, పేర్ల నమోదు నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కు, సమాచార సేవలు జనరల్ అటామిక్స్‌కు వచ్చాయి. 1995లో కామ్ వంటి పేర్లకు ఏడాదికి 50 డాలర్ల రుసుము మొదలైంది. అంతకుముందు ఉచితంగా ఇచ్చిన పేర్లు ఇప్పుడు సొమ్ము తెచ్చే సరుకయ్యాయి. కొత్త కొమ్మలు ఎన్ని ఉండాలి, ఎవరు అమ్మాలి, ఎవరు తీర్పు చెప్పాలి అన్న వాదాలు పెరిగాయి. కంపెనీలు, ప్రభుత్వాలు, ఇంజనీర్లు తలో వైపు లాగారు.

అప్పటికి చెట్టు మొదలైన రూట్ జాబితాను ఏ నుంచి ఎం వరకు అక్షరాల పేర్లున్న 13 సర్వర్లు అందించేవి. మొదటిదైన ఏ సర్వర్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ దగ్గర ఉండేది. మిగతా 12 దాని నుంచే జాబితా తీసుకునేవి. 1998 జనవరి 28న పోస్టెల్ ఆ 12 మందిలో 8 మందికి ఈమెయిల్ రాశారు. ఇకపై ఏ సర్వర్ నుంచి కాకుండా తమ సంస్థ కంప్యూటర్ నుంచి జాబితా తీసుకోమని కోరారు. వాళ్లు అలాగే చేశారు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండా, ఒక మనిషి మాట మీద, ప్రపంచ ఇంటర్నెట్ మూలం సగానికి పైగా చేతులు మారింది.

ఇంటర్నెట్ వాడేవారికి ఏ తేడా తెలియలేదు. రెండు చోట్లా ఉన్న జాబితా ఒకటే కాబట్టి అన్నీ మామూలుగానే నడిచాయి. అమెరికా ప్రభుత్వం మాత్రం ఉలిక్కిపడింది. అధ్యక్షుడి సలహాదారు ఐరా మాగజైనర్ వెంటనే కలగజేసుకున్నారు. ఇది ఒక పరీక్ష అని పోస్టెల్ చెప్పారు. వారం తిరగకుండానే అన్నీ పాత పద్ధతికి మార్చారు.

దీని మీద నేటికీ రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మార్పు సాఫీగా జరుగుతుందో లేదో చూడడానికే చేశారని కొందరంటారు. ఇంటర్నెట్ ఏ ఒక్క ప్రభుత్వానికో కంపెనీకో చెందదని చూపడానికి చేశారని మరికొందరంటారు. మేము దీని గురించి చాలాసేపు వాదించుకున్నాం. ఒకరిద్దరికి ఆయన చేసింది సాహసంగా తోచింది. మిగతావారికి భయం వేసింది. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది, ఆ స్థానంలో స్వార్థపరులు ఉంటే ఏమయ్యేదని వాళ్ల ప్రశ్న. చివరికి ఒక విషయంలో అందరం ఏకీభవించాం. అంత పెద్ద జాబితా ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు.

పోస్టెల్ కూడా ఆ దిశగానే పనిచేశారు. అప్పటికే కొన్నేళ్లుగా తన పనిని ఒక స్థిరమైన సంస్థకు అప్పగించాలని ఆయన ప్రయత్నిస్తున్నారు. 1998 అంతా అందరితో మాట్లాడుతూ, కొత్త సంస్థ నియమాల ముసాయిదాలు రాయిస్తూ గడిపారు. సెప్టెంబరు 30న లాభాపేక్ష లేని సంస్థగా ఐకాన్ నమోదైంది. పేర్లు, సంఖ్యల బాధ్యతను అది తీసుకోవాలన్నది ఉద్దేశం.

ఆయన దాని ఎదుగుదల చూడలేదు. గుండె కవాటం సమస్యకు 1991లో ఒకసారి శస్త్రచికిత్స జరిగింది. మళ్లీ శస్త్రచికిత్స అవసరమై, దాని తరువాత తలెత్తిన ఇబ్బందులతో 1998 అక్టోబరు 16న లాస్ ఏంజెలస్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు. ఐకాన్ నమోదై 16 రోజులే అయింది.

ఆయన తరువాత

తన గురించి చెప్పుకోవడం పోస్టెల్‌కు అలవాటు లేదు. పెద్ద గడ్డం, కాళ్లకు చెప్పులు, సాదా దుస్తులు. సెలవు దొరికితే వీపున సంచి వేసుకుని సియెర్రా నెవాడా కొండల్లో నడిచేవారు. ఆయన పోయినప్పుడు మిత్రుడు వింట్ సర్ఫ్ ఆయన స్మృతిగా ఒక వ్యాసం రాశారు. అది కూడా పోస్టెల్ జీవితాంతం నంబర్లు వేసిన ఆ పత్రాల వరుసలోనే, 2468వ పత్రంగా వెలువడింది. ఇంటర్నెట్ సొసైటీ 1999 నుంచి ఆయన పేరుతో సేవా పురస్కారం ఇస్తోంది. మొదటి పురస్కారాన్ని ఆయనకే మరణానంతరం ఇచ్చారు.

ఆయన మొదలుపెట్టిన మార్పు పూర్తి కావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసి, ఆ పని పూర్తిగా వివిధ దేశాల వారు పాలుపంచుకునే ఐకాన్ ఆధ్వర్యంలోకి వచ్చింది. ఈలోగా పేర్ల చెట్టు ఆంగ్ల అక్షరాలను దాటింది. 2011లో మన దేశ భాషల లిపుల్లో కొమ్మలు వచ్చాయి. వాటిలో తెలుగులో రాసిన డాట్ భారత్ కూడా ఒకటి. మన లిపిలో రాసిన పేరు కూడా పోస్టెల్ కాపాడిన ఆ జాబితాలో చోటు సంపాదించింది.

మనం నేర్చుకోదగినది

మిత్రులారా! కొత్త యంత్రం కనిపెట్టినవారి పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. పట్టికలు సరిచూసేవారి పేర్లు సాధారణంగా ఉండవు. అయితే ఒక్కసారి ఆలోచించండి. బదిలీ మీద వెళ్లిన ప్రతిచోటా మనకు ప్రవేశం దొరుకుతోందంటే, పాత విద్యాలయంలో ఎవరో మన పేరు, పుట్టిన తేదీ, తరగతి సరిగ్గా రాసి టి.సి. ఇచ్చారు కాబట్టే. ఒక్క అక్షరం తప్పు పడితే దాన్ని సరిచేయించడానికి అమ్మానాన్నలు ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలుసు. సరిగ్గా రాసినవారిని మాత్రం మనం గుర్తు పెట్టుకోము.

పోస్టెల్ అలాంటి పనిని ప్రపంచం కోసం చేశారు. నాలుగు కంప్యూటర్లు ఉన్న రోజున ఎంత శ్రద్ధగా రాశారో, లక్షల కంప్యూటర్లు వచ్చినప్పుడూ అంతే శ్రద్ధగా రాశారు. తనకంటే మంచి ఆలోచన వచ్చినప్పుడు స్వీకరించారు. తాను తేల్చకూడని విషయాన్ని తేల్చలేదు. చివరికి ఆ పుస్తకాన్ని తన తరువాత కూడా నిలిచే చేతుల్లో పెట్టే ప్రయత్నంలోనే కన్నుమూశారు. తరగతి నాయకులుగా హాజరు రాసినా, గ్రంథాలయంలో పుస్తకాల లెక్క చూసినా, ఎన్.సి.సి. శిబిరంలో పేర్లు నమోదు చేసినా, మన చేతికి వచ్చిన జాబితాను మనమూ అలాగే చూసుకుందాం. అందులో ఉన్న ప్రతి పేరు వెనక మనలాంటి ఒక మనిషి ఉంటారు.